అందరూ ఓనర్లే అయిన క్లౌడ్ ప్రాజెక్టును దారిలో పెట్టడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ సంస్థలో 14 మంది ఉన్నారు. గూగుల్ క్లౌడ్‌లో మొదటి రోజు తెరిచిన ఒకే ప్రాజెక్టులో అసలు సర్వర్లు, పరీక్ష సర్వర్లు, డేటాబేసులు అన్నీ కలిసి ఉన్నాయి. అనుమతి లేదన్న ఎర్ర అక్షరాలు కనిపించినప్పుడల్లా విసుగొచ్చి అన్ని హక్కులూ ఉండే ఓనర్ రోల్ ఇచ్చుకుంటూ పోయారు. ఇప్పుడు 9 మంది ఓనర్లు. పోయిన నెల ఒకరు పరీక్ష డేటాబేస్ అనుకొని అసలు డేటాబేస్‌ను తొలగించారు. మూడు నెలల కిందట ఉద్యోగం మానేసిన మరొకరి సొంత జీమెయిల్ ఇంకా జాబితాలోనే ఉంది. పని ఆగకుండా దీన్ని ఎలా సరిచేయాలి, ఎవరికి ఏ రోల్ ఇవ్వాలి అన్నది ప్రశ్న. చివర్లో ‘ఓనర్ తీసేస్తే మా భాగస్వామి అవమానంగా భావిస్తారేమో’ అని కూడా రాశారు. ఆ ఒక్క వాక్యం చూసే ఇంత పొడవుగా జవాబు రాయడానికి కూర్చున్నాను. నేను చూసిన చాలా చోట్ల సాంకేతిక చిక్కుకంటే ఆ మొహమాటమే పెద్ద చిక్కు.

మానేసిన ఉద్యోగి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది రేపటికి వాయిదా వేయదగ్గ పని కాదు. అనుమతుల పేజీలో ఆయన జీమెయిల్ తీసేస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. అది వీధి తలుపు మాత్రమే. కంప్యూట్ ఇంజిన్ (గూగుల్ అద్దెకిచ్చే సర్వర్లు) వాడుతుంటే ప్రాజెక్టు మెటాడేటాలో, అంటే దాని అమరికల పట్టికలో, ఎస్ఎస్‌హెచ్ కీల (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే డిజిటల్ తాళాల) జాబితా ఉంటుంది. అక్కడ ఆయన కీ ఉంటే, అనుమతుల పేజీలో పేరు లేకపోయినా ఆయన ఇంటి నుంచి సర్వర్‌లోకి లాగిన్ కాగలరు. ఆయన దింపుకున్న సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రామ్ వాడుకునే ఖాతా) కీ ఫైళ్లు, డేటాబేస్ యూజర్ పేర్లు, ఎప్పుడో పరీక్ష కోసం తయారు చేసిన ఏపీఐ కీలు, స్టోరేజ్‌కు విడిగా ఉండే హెచ్‌మ్యాక్ కీలు కూడా చూడాలి. ఎస్ఎస్‌హెచ్ విషయంలో శాశ్వత పరిష్కారం ఓఎస్ లాగిన్ అనే సదుపాయం. అది ఆన్ చేస్తే సర్వర్ లాగిన్ కూడా అనుమతుల పేజీకే ముడిపడుతుంది, పేరు తీసేస్తే రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి. ఇంకొకటి: బిల్లింగ్ అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో చూశారా? ప్రాజెక్టు వేరు, బిల్లింగ్ అకౌంట్ వేరు, వాటి అనుమతులు కూడా వేరు. చిన్న సంస్థల్లో మొదట్లో ఎవరి క్రెడిట్ కార్డు వాడారో ఆయనే బిల్లింగ్ అడ్మినిస్ట్రేటర్‌గా మిగిలిపోతారు. ఆయన వెళ్లిపోయాక ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ రోజే చేయాల్సిన పని ఇంకా ఒకటుంది. డేటాబేస్ మీద, ముఖ్యమైన సర్వర్ల మీద తొలగింపు రక్షణ వేయండి. ప్రాజెక్టు మీద ‘లియన్’ పెట్టండి. పొలం మీద బ్యాంకు తాకట్టు ఉంటే అమ్మలేనట్టే, లియన్ ఉన్నంతకాలం ప్రాజెక్టును తొలగించలేరు. గూగుల్ క్లౌడ్‌లో తొలగించిన ప్రాజెక్టును 30 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చన్నది నిజమే కానీ, లోపలి వనరులన్నీ చెక్కుచెదరకుండా వస్తాయన్న హామీ లేదు. స్టోరేజ్‌లోని ఫైళ్లు అంతకన్నా ముందే పోవచ్చు. ఈ రెండూ పది నిమిషాల పని.

ఇక అసలు విషయం. మీరు ‘ఎవరికి ఏ రోల్ ఇవ్వాలి’ అని అడిగారు. నా అనుభవంలో ఈ ప్రశ్న నుంచి మొదలుపెట్టిన ప్రతి చోటా ఆరు నెలల్లో పరిస్థితి మళ్లీ మొదటికే వచ్చింది. మనిషిని చూసి అనుమతి ఇస్తే అది నమ్మకానికి, హోదాకు కొలత అయిపోతుంది. సీనియర్‌కు ఎక్కువ, జూనియర్‌కు తక్కువ, భాగస్వామికి అన్నీ. కానీ అనుమతి అన్నది పనికి ఇచ్చేది. మీ సంస్థలో వారం పాటు జరిగే పనులను ఒక కాగితం మీద రాయండి: కొత్త కోడ్ సర్వర్‌కు పంపడం, తప్పు వచ్చినప్పుడు లాగ్ చదవడం, రోజువారీ అమ్మకాల నివేదిక తీయడం, నెలకోసారి బిల్లు చూడడం, డేటాబేస్ నిర్మాణం మార్చడం. 14 మంది ఉన్న చోట ఇలాంటివి పది, పన్నెండు కన్నా ఎక్కువ తేలవు. ఒక్కో పనికి ఏ అనుమతి కావాలన్నది అప్పుడు దానంతట అదే బయటపడుతుంది. ఆ తర్వాతే మనుషుల పేర్లు.

ఇందులో ఓనర్, ఎడిటర్ ఎందుకు ఇమడవో చెప్పాలి. గూగుల్ క్లౌడ్‌లో అత్యంత చిన్న అనుమతి ‘కంప్యూట్.ఇన్‌స్టాన్సెస్.డిలీట్’ వంటిది: సేవ పేరు, వస్తువు పేరు, చేసే పని. అలాంటి వాటిని మూట కడితే రోల్. ఓనర్, ఎడిటర్, వ్యూయర్ అనేవి ఈ పద్ధతి రాకముందు నుంచీ ఉన్న పాత మూటలు. ఎడిటర్ మూటలో వేల అనుమతులు ఉంటాయి, మీరు ఎన్నడూ పేరు వినని సేవలవి కూడా. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

‘ఓనర్ తీసేసి ఎడిటర్ ఇస్తే చాలు కదా, ఎడిటర్ ఇతరుల అనుమతులను మార్చలేడు కదా’ అని చాలామంది అంటారు. పైపైన చూస్తే అది సబబే. కానీ ఎడిటర్‌కు ఆ ప్రాజెక్టులోని సర్వీస్ అకౌంట్లను సర్వర్లకు తగిలించే హక్కు ఉంది. సర్వీస్ అకౌంట్ అంటే మనిషి కాకుండా ప్రోగ్రామ్ వాడుకునే ఖాతా. ఆ ప్రాజెక్టులో ఏదో ఒక సర్వీస్ అకౌంట్‌కు ఎవరో ఎప్పుడో ఓనర్ ఇచ్చి ఉంటే, ఎడిటర్ ఒక కొత్త సర్వర్ తెరిచి, దానికి ఆ అకౌంట్ తగిలించి, లోపలికి లాగిన్ అయి, ఆ అకౌంట్ వేషంలో ఏమైనా చేయవచ్చు. కాగితం మీద ఎడిటర్, చేతల్లో ఓనర్. అనుమతుల జాబితాలో మనుషుల పేర్లు మాత్రమే చూసేవారికి ఈ దొడ్డిదారి కనబడదు. ‘సర్వీస్ అకౌంట్ యూజర్’ అనే రోల్‌ను ప్రాజెక్టు మొత్తానికి ఇవ్వకూడదని, ఏ ఒక్క అకౌంట్ అవసరమో దాని మీద మాత్రమే ఇవ్వాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

దీనికి తోడు మీకు తెలియకుండానే ఒక ఎడిటర్ మీ ప్రాజెక్టులో ఉండి ఉంటాడు. కంప్యూట్ ఇంజిన్‌ను ఆన్ చేయగానే ఒక డిఫాల్ట్ సర్వీస్ అకౌంట్ పుడుతుంది. చాలాకాలం పాటు దానికి పుట్టుకతోనే ఎడిటర్ రోల్ వచ్చేది. మీరు సర్వర్ తెరిచేటప్పుడు ఏమీ ఎంచుకోకపోతే ఆ అకౌంటే తగులుకుంటుంది. 2024 మే 3 తర్వాత ఏర్పడిన కొత్త ఆర్గనైజేషన్లలో (సంస్థ ప్రాజెక్టులన్నింటికీ పైన ఉండే గొడుగు) ఈ ఆనవాయితీని ఆపేశారు. మీ ప్రాజెక్టు అంతకన్నా పాతదన్నారు, పైగా సొంత జీమెయిల్‌తో తెరిచారు కాబట్టి ఆ రక్షణ మీకు లేదు. వెళ్లి చూడండి, నెంబరుతో మొదలై ‘కంప్యూట్’ అన్న మాట ఉన్న ఖాతా ఒకటి ఎడిటర్‌గా కనిపిస్తుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకులో జరిగింది చూడండి. అది అమెజాన్ క్లౌడ్, మీది గూగుల్, కానీ కథ ఒకటే. వెబ్ ముందు రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్‌లో ఒక అమరిక తప్పు. దాని ద్వారా బయటి మనిషి సర్వర్ చేత దాని సొంత మెటాడేటాను అడిగించి, ఆ సర్వర్‌కు తగిలించిన రోల్ తాలూకు తాత్కాలిక తాళాలు సంపాదించారు. అక్కడితో ఆగితే నష్టం చిన్నదే. ఆ ఫైర్‌వాల్ రోల్‌కు ఫైళ్లు దాచే స్టోరేజ్ బకెట్లన్నింటి జాబితా చూసే హక్కు, వాటిలోవి చదివే హక్కు ఉన్నాయి. ఒక ఫైర్‌వాల్‌కు కస్టమర్ల దరఖాస్తులు చదవాల్సిన పని ఏముంది? అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు అలా బయటికి వెళ్లాయి. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అక్కడ ఏ ఉద్యోగి పాస్‌వర్డూ పోలేదు. యంత్రానికి ఇచ్చిన అనుమతే పోయింది. కాబట్టి మీ 9 మంది ఓనర్ల గురించి పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ యంత్రాల ఖాతాల మీద పెట్టండి.

కీ ఫైళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సర్వీస్ అకౌంట్‌కు కీ తయారు చేస్తే జేసన్ ఫైలు ఒకటి దిగుతుంది. అది ఎవరి చేతిలో ఉంటే వారే ఆ అకౌంట్. దానికి ఓటీపీ ఉండదు. మీరు గడువు పెట్టే ఏర్పాటు ముందే చేసుకోకపోతే ఎన్నేళ్లయినా పనిచేస్తూనే ఉంటుంది. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట అలాంటి ఫైలు పొరపాటున కోడ్‌తో పాటు అందరికీ కనిపించే కోడ్ నిల్వ (రిపాజిటరీ)లోకి వెళ్లింది. శుక్రవారం సాయంత్రం అది జరిగింది, సోమవారం పొద్దున మేము చూసేసరికి మాకు ఎన్నడూ అవసరం లేని ఖండాల్లో డజన్ల కొద్దీ పెద్ద సర్వర్లు క్రిప్టో నాణేలు తవ్వుతున్నాయి. గూగుల్ సర్వర్ల లోపల నడిచే ప్రోగ్రామ్‌కు అసలు కీ ఫైలు అక్కర్లేదు, సర్వర్‌కు తగిలించిన అకౌంట్ నుంచి గంటసేపు పనిచేసే టోకెన్ దానికి తనంతట అదే అందుతుంది. కోడ్ దాచుకునే గిట్‌హబ్ వంటి బయటి చోటు నుంచి కోడ్ పంపాలంటే వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్ అనే ఏర్పాటు ఉంది. మొదటిసారి అమర్చడానికి ఒక పూట పడుతుంది, కానీ దాంతో కీ ఫైలు అవసరమే తీరిపోతుంది. ఆ తర్వాత కీల తయారీనే నిషేధించే ఆర్గనైజేషన్ పాలసీ ఒకటుంది, దాన్ని ఆన్ చేసి తాళం వేయండి.

ఆర్గనైజేషన్ అన్నాను కదా, మీకు అది లేదు. సొంత జీమెయిల్‌తో తెరిచిన ప్రాజెక్టు మైదానంలో ఒంటరి గుడిసె లాంటిది, పైన ఏమీ ఉండదు. మీ డొమైన్ పేరుతో వర్క్‌స్పేస్ (గూగుల్ సంస్థలకిచ్చే మెయిల్, ఆఫీసు సేవ) గానీ, ఖాతాల నిర్వహణ మాత్రమే చేసే క్లౌడ్ ఐడెంటిటీ ఉచిత సదుపాయం గానీ తీసుకుంటే పైన ఆర్గనైజేషన్, దాని కింద ఫోల్డర్లు, వాటి కింద ప్రాజెక్టులు అన్న నిర్మాణం వస్తుంది. పాత ప్రాజెక్టును అందులోకి తరలించవచ్చు, సర్వర్లు ఆగవు. ఉద్యోగులందరూ సంస్థ డొమైన్ ఖాతాలతోనే లోపలికి రావాలి. అప్పుడు ఎవరైనా మానేస్తే ఆ ఒక్క ఖాతా నిలిపేస్తే క్లౌడ్ కన్సోల్‌తో సహా ఆ ఖాతాతో చేసే లాగిన్‌లన్నీ ఆగిపోతాయి. బయటి డొమైన్ల వారిని చేర్చకుండా ఆపే పాలసీ కూడా పెట్టవచ్చు. అయితే అది వెనకటి తేదీ నుంచి వర్తించదు. ఇప్పటికే ఉన్న జీమెయిళ్లను మీరే చేత్తో తీసేయాలి. పాలసీ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవారిని చూశాను.

ఈ చెట్టు నిర్మాణంలో గుర్తుంచుకోవాల్సిన నియమం ఒకటే: అనుమతి పై నుంచి కిందికి పారుతుంది, కింద ఆగదు. ఫోల్డర్ మీద ఎడిటర్ ఇచ్చి, దాని కింది ఒక ప్రాజెక్టులో మాత్రం వ్యూయర్ ఇస్తే ఆ మనిషి అక్కడ కూడా ఎడిటరే. పైన ఇచ్చినదీ కింద ఇచ్చినదీ కూడుకుంటాయి, తీసివేత జరగదు. తీసివేతకు ‘డినై పాలసీ’ అనే వేరే సాధనం ఉంది. దాన్ని అనుమతులిచ్చే పాలసీల కన్నా ముందు పరిశీలిస్తారు కాబట్టి అది ‘కాదు’ అంటే ఇక ఎవరు ‘అవును’ అన్నా చెల్లదు. మీ స్థాయిలో దాన్ని ఒకటి రెండు చోట్లకు మించి వాడవద్దని నా సలహా. ఎక్కువ పెడితే ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు పనిచేయడం లేదో మీకే అర్థం కాదు.

కనుక పై మెట్ల మీద పొదుపుగా, కింది మెట్ల మీద అవసరం మేరకు. అసలు డేటాబేస్ తొలగిన ఘటనకు మూలం కూడా ఇక్కడే ఉంది. ఆయన అజాగ్రత్తపరుడని మీరు రాశారు. నేను ఒప్పుకోను. రెండు డేటాబేసులు ఒకే ప్రాజెక్టులో, ఒకే తెరపై, ఒకదాని కింద ఒకటి ఉంటే ఎవరికైనా ఏదో ఒక రోజు చేయి జారుతుంది. ప్రాజెక్టు తెరవడానికి రుసుము లేదు. పరీక్షకు ఒకటి, అసలు సేవకు ఒకటి, లాగ్‌లకూ బ్యాకప్‌లకూ ఒకటి, కనీసం మూడు ప్రాజెక్టులు చేయండి. ప్రాజెక్టు ఐడీని తర్వాత మార్చలేరు, తొలగించాక కూడా అదే ఐడీ మళ్లీ దొరకదు, కాబట్టి పేరు పెట్టేటప్పుడే కాస్త ఆలోచించండి. పరీక్ష ప్రాజెక్టులో డెవలపర్లందరికీ ఎడిటర్ ఇచ్చినా నేను పెద్దగా అభ్యంతరపెట్టను. నిజమైన కస్టమర్ల డేటా అక్కడికి కాపీ కాకుండా చూసుకుంటే చాలు. ఛాందసంగా అక్కడ కూడా బిగిస్తే పని సాగదు, జనం అడ్డదారులు వెతుకుతారు.

అసలు ప్రాజెక్టులో సంగతి వేరు. డెవలపర్లకు లాగ్‌లు చదివే రోల్, మానిటరింగ్ చూసే రోల్ ఇవ్వండి, మార్చే రోల్ ఏదీ వద్దు. కోడ్ పంపడం మనిషి చేయకూడదు, యంత్రం చేయాలి. ఆ యంత్రపు సర్వీస్ అకౌంట్‌కు, మీరు క్లౌడ్ రన్ (సర్వర్‌ను మీరు చూసుకోనక్కర్లేకుండా ప్రోగ్రామ్ నడిపే సేవ) వాడుతున్నారు కాబట్టి, క్లౌడ్ రన్ డెవలపర్ రోల్, సేవ నడిచే అకౌంట్ ఒక్కదాని మీద సర్వీస్ అకౌంట్ యూజర్ రోల్, కంటైనర్ ఇమేజ్ (నడపడానికి సిద్ధం చేసిన కోడ్ మూట) ఉండే ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీ మీద రీడర్ రోల్ ఇవ్వండి. సేవను లోకమంతటికీ తెరిచే హక్కు అడ్మిన్ రోల్‌లో ఉంటుంది, అది యంత్రానికి ఇవ్వవద్దు. నివేదికలు తీసే అమ్మాయికి బిగ్‌క్వెరీ (పెద్ద డేటాను ప్రశ్నించి నివేదికలు తీసే సేవ) డేటా వ్యూయర్ ఇచ్చినా పని చేయలేదన్నారు. డేటా చూసే హక్కు వేరు, క్వెరీ నడిపే హక్కు వేరు, అదీ సంగతి. ఆ ఒక్క డేటాసెట్ మీద డేటా వ్యూయర్, ప్రాజెక్టు మీద జాబ్ యూజర్, రెండూ కలిపి ఇస్తే పనవుతుంది. ఆ రెండో రోల్ తెలియక ఓనర్ ఇచ్చిన సంస్థల జాబితా రాస్తే చాంతాడంత అవుతుంది. బకెట్‌లో ఫైళ్లు చదవడానికి ఇచ్చే ఆబ్జెక్ట్ వ్యూయర్‌దీ ఇదే తీరు. దానితో ఫైళ్లు చదవవచ్చు కానీ కన్సోల్‌లో బకెట్ల జాబితా కనబడదు. జనం అనుమతే లేదనుకుంటారు. బకెట్ లింకు నేరుగా పంపండి, తెరుచుకుంటుంది. మీ అకౌంటెంట్‌కు ప్రాజెక్టులో ఏ రోలూ అక్కర్లేదు. బిల్లింగ్ అకౌంట్ మీద వ్యూయర్ చాలు.

బ్యాకప్‌ల విషయంలో కాస్త ఆగుదాం. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ ఒక్క రోజులో మూతపడింది. దాడి చేసినవారు వారి అమెజాన్ క్లౌడ్ నియంత్రణ పేజీలోకి చొరబడి డబ్బు అడిగారు. సంస్థవారు పాస్‌వర్డులు మార్చి పట్టు తెచ్చుకోబోతే, అవతలివారు ముందే సృష్టించి పెట్టుకున్న అదనపు లాగిన్‌లతో సర్వర్లనూ, డిస్కులనూ, వాటితో పాటు బ్యాకప్‌లనూ తుడిచిపెట్టారు. బ్యాకప్ ఉంది, కానీ అసలు దాన్ని తొలగించగల చెయ్యే బ్యాకప్‌నూ తొలగించగలిగింది. మీ మూడో ప్రాజెక్టు ఇందుకే. అందులోని బకెట్‌కు బ్యాకప్ పంపే సర్వీస్ అకౌంట్‌కు ‘స్టోరేజ్ ఆబ్జెక్ట్ క్రియేటర్’ మాత్రమే ఇవ్వండి. ఆ రోల్‌తో కొత్త ఫైలు వేయవచ్చు, ఉన్నదాన్ని తొలగించలేరు, అదే పేరుతో దాని మీద తిరగరాయనూ లేరు. గుడి హుండీ లాగా: వేయడమే తప్ప తీయడం లేదు. హుండీ తాళం అసలు ప్రాజెక్టులో పనిచేసే ఎవరి దగ్గరా ఉండకూడదు. బకెట్ మీద రిటెన్షన్ పాలసీ (ఫైళ్లను ఇంతకాలం తీయకూడదన్న నియమం) కూడా పెట్టి, ఆ పాలసీని లాక్ చేస్తే ఆ గడువు లోపల తాళం ఉన్నవారు కూడా తీయలేరు.

పేర్లను నేరుగా ప్రాజెక్టులో చేర్చవద్దు, పనికి ఒక గ్రూపు చేసి రోల్‌ను గ్రూపుకే ఇవ్వండి. మనిషి పని మారితే గ్రూపు మారతాడు, ప్రాజెక్టును తాకాల్సిన పని లేదు. ఇందులో రెండు గుంటలున్నాయి. మొదటిది, గ్రూపు అమరికలో ‘ఎవరైనా చేరవచ్చు’ అని ఉంటే మీ కష్టమంతా గంగపాలు, కొత్తగా చేరిన ట్రైనీ కూడా ఒక్క నొక్కుతో లోపలికి వస్తాడు. రెండోది ఆలస్యం. ప్రాజెక్టులో నేరుగా మార్చిన అనుమతి సాధారణంగా రెండు నిమిషాల్లో, ఒక్కోసారి ఏడు నిమిషాలు అంతకు పైన, అమలవుతుంది. గ్రూపు సభ్యత్వ మార్పు మాత్రం గంటలు పట్టవచ్చు. గ్రూపులో చేర్చి వెంటనే పరీక్షించి, రాలేదని మళ్లీ ఓనర్ ఇచ్చేయకండి. అత్యవసరంగా ఒకరిని తొలగించాలంటే గ్రూపు మార్పు మీద ఆధారపడకండి, ఖాతానే నిలిపేయండి.

సొంతంగా రోల్స్ తయారు చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు, మీకు వద్దు. గూగుల్ ఇచ్చే రోల్స్‌లో సేవ మారినప్పుడల్లా కొత్త అనుమతులను వారే చేరుస్తారు. మీ సొంత రోల్‌ను మీరే కనిపెట్టుకొని ఉండాలి.

ఇక పని ఆగకుండా మార్చడం ఎలా? పాతది తీసి కొత్తది ఇవ్వకండి. పాత ఓనర్లను అలాగే ఉంచి, పక్కనే గ్రూపుల ద్వారా కొత్త రోల్స్ ఇవ్వండి. కన్సోల్‌లో రికమెండర్ అనే సాధనం 90 రోజుల వరకు వాడకాన్ని చూసి, ఫలానా వారి వేల అనుమతుల్లో నిజంగా వాడినవి ఇవి, ఈ చిన్న రోల్ సరిపోతుంది అని సూచిస్తుంది. దాని మాట పూర్తిగా నమ్మవద్దు. మార్చి నెలాఖరుకు మాత్రమే నడిచే లెక్కల ప్రోగ్రామ్ ఆ 90 రోజుల్లో ఒక్కసారి కూడా నడవకపోయి ఉండవచ్చు. ఆ సూచననూ మీ పనుల కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత ఒక్కొక్కరి ఓనర్ తీస్తూ రండి, రోజుకు ఒకరు చాలు. మంగళవారమో బుధవారమో పొద్దున చేయండి, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు. ఏదైనా ఆగితే పాలసీ ట్రబుల్‌షూటర్‌లో మనిషి పేరు, వనరు పేరు, అనుమతి పేరు ఇస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో చెబుతుంది. అప్పుడు లోపించిన రోల్ ఒక్కటే ఇవ్వవచ్చు. ఓనర్ తిరిగి ఇవ్వాలన్న కోరికను ఆ కొన్ని నిమిషాలు అణచుకోవడమే ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం.

టెర్రాఫార్మ్ (క్లౌడ్ అమరికలను ఫైళ్లలో రాసి అమలు చేసే సాధనం) వాడాలనుకుంటున్నామన్నారు. వాడండి, కానీ నా తప్పు మీరు చేయవద్దు. అందులో ప్రాజెక్టు అనుమతులకు మెంబర్, బైండింగ్, పాలసీ అని మూడు రకాలున్నాయి. మెంబర్ అంటే ఉన్నవారికి ఒకరిని చేర్చడం. బైండింగ్ అంటే ఈ రోల్ వీరికి మాత్రమే, మిగతావారిని తీసెయ్ అని. పాలసీ అంటే ప్రాజెక్టు మొత్తానికి ఇదే జాబితా, ఇంకేదీ ఉండకూడదు అని. కొన్నేళ్ల కిందట నేను ఎడిటర్ రోల్‌కు బైండింగ్ రాసి, ఇద్దరు మనుషుల పేర్లు పెట్టి, అమలు చేసి ఇంటికి వెళ్లిపోయాను. ఆ రోల్‌లో గూగుల్ తన పనుల కోసం ఉంచుకునే ‘క్లౌడ్‌సర్వీసెస్’ ఖాతా కూడా ఉందని నాకు తోచలేదు. దాని పేరు ఎగిరిపోయింది. పగలంతా ఏమీ తెలియలేదు. రాత్రి రద్దీ పెరిగి కొత్త సర్వర్లు పుట్టాల్సిన వేళ అవి పుట్టలేదు. తెల్లవారుజామున రెండు గంటలకు ఫోను మోగింది. అప్పటి నుంచి మెంబర్ తప్ప మిగతా రెండూ రాయను, రాసినవారి మార్పును రెండో మనిషి చదవకుండా అమలు చేయనివ్వను.

రాత్రిపూట ఏదైనా ఆగితే ఎలా అన్న భయం సహజం. అందుకు తాత్కాలిక అనుమతులున్నాయి. రోల్ ఇచ్చేటప్పుడే షరతు పెట్టి, ఫలానా తేదీ ఫలానా గంట వరకే అని రాయవచ్చు, గడువు దాటగానే అది చెల్లదు. ఓనర్, ఎడిటర్, వ్యూయర్‌లకు ఈ షరతులు పెట్టనివ్వరు, వాటిని వదిలించుకోవడానికి ఇది ఇంకో కారణం. ప్రివిలేజ్డ్ యాక్సెస్ మేనేజర్ అనే సదుపాయం ఇంకా నయం: మనిషి కారణం రాసి అడుగుతాడు, ఇంకొకరు ఒప్పుకుంటారు, గంటో రెండు గంటలో వచ్చి దానంతట అదే పోతుంది. ఎవరు ఎందుకు అడిగారో నమోదవుతుంది.

నమోదు అంటే లాగ్‌లు. ఎవరు ఏమి మార్చారన్న అడ్మిన్ యాక్టివిటీ లాగ్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఆపలేరు, 400 రోజులు నిలుస్తుంది. పోయిన నెల ఘటనలో తొలగించింది ఫలానా ఆయనేనని అందరూ అనుకుంటున్నారు తప్ప ఎవరూ చూడలేదన్నారు, ఆ లాగ్‌లో ఖాతా పేరు, సమయం ఇంకా ఉంటాయి, చూడండి. ఎవరు ఏమి చదివారన్న డేటా యాక్సెస్ లాగ్ మాత్రం బిగ్‌క్వెరీకి తప్ప మిగతా సేవలకు మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా డిఫాల్ట్‌గా 30 రోజులే నిలుస్తుంది. మన దేశంలో కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లో వారికి తెలియజేయాలి. అది సంస్థలన్నింటికీ వర్తిస్తుంది, చిన్నవారమని మినహాయింపు లేదు. కాబట్టి ముఖ్యమైన సేవలకు ఆ లాగ్ ఆన్ చేసి, మూడో ప్రాజెక్టులోని బకెట్‌లోకి 180 రోజులకు తగ్గకుండా మళ్లించండి. అన్ని సేవలకూ ఆన్ చేస్తే ఖర్చు పెరుగుతుంది, కస్టమర్ల డేటా ఉన్న వాటికే చాలు.

ఇక మీ భాగస్వామి. ‘సంస్థకు యజమానిని నేనైతే క్లౌడ్‌లో ఓనర్ ఎందుకు కాను’ అని ఆయన అడగడంలో తప్పు లేదు, ఆ పేరు పెట్టినవారిదే తప్పు. ఆయనకు ఇలా చెప్పి చూడండి. రేపు ఆయన ఫోను పోయినా, ఆయన పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌ను ఆయనే నొక్కినా, ఆ క్షణంలో ఆయన ఖాతాకు ఏ హక్కులుంటే అవన్నీ దొంగవే. యజమాని ఖాతానే అందరికన్నా ఎక్కువమంది గురిపెడతారు. రోజూ మెయిల్ చదివే ఖాతాకు ఆయనకు కావాల్సింది బిల్లు చూడడం, డాష్‌బోర్డు చూడడం. ఆ రెండూ ఇవ్వండి. ఇంకో మాట కూడా చెప్పండి: అందరి దగ్గరా అన్ని తాళాలూ ఉన్న రోజున ఏది జరిగినా తిలాపాపం తలా పిడికెడు అవుతుంది, లాగ్‌లో తన పేరు లేకపోవడం ఆయనకే రక్ష.

నిజమైన యాజమాన్యం మాత్రం ఆయన దగ్గర, మీ దగ్గర ఉండాల్సిందే. అది వేరే చోట ఉంది. డొమైన్ పేరు రిజిస్ట్రేషన్ సంస్థ పేరు మీద ఉందా? వర్క్‌స్పేస్‌లో గానీ క్లౌడ్ ఐడెంటిటీలో గానీ సూపర్ అడ్మిన్ ఎవరు? ఆ సూపర్ అడ్మిన్ తనకు తానే ఆర్గనైజేషన్ అడ్మిన్ రోల్ ఇచ్చుకోగలడు, అంటే ఎవరు ఎవరిని తీసేసినా మళ్లీ తలుపు తెరవగలడు. అందుకే రెండు సూపర్ అడ్మిన్ ఖాతాలు విడిగా తయారు చేయండి, వాటితో మెయిల్ చదవవద్దు, ఏ రోజువారీ పనీ చేయవద్దు. ఒక్కో ఖాతాకు వేలెడంత యూఎస్‌బీ సెక్యూరిటీ కీ కొని జత చేయండి. ఒకటి మీ ఇద్దరిలో ఒకరి బ్యాంకు లాకర్లో, రెండోది ఆఫీసు బీరువాలో, పాస్‌వర్డు కాగితంతో కలిపి కవర్లో అంటించి, అంటించిన చోట ఇద్దరూ సంతకం చేసి తేదీ వేయండి. ఏడాదికోసారి తెరిచి, లాగిన్ అవుతుందో లేదో చూసి, కొత్త కవర్లో మళ్లీ అంటించండి. మొదటి ఏడాది మేము తెరిచినప్పుడు పాస్‌వర్డు కాగితం మీద ఒక అక్షరం ‘ఓ’నో సున్నానో తేలక ఇద్దరం అరగంట కూర్చున్నాం. కాబట్టి అచ్చు వేసి పెట్టండి, చేత్తో రాయకండి.